వేలిముద్ర చూసే కంటి మీద రీసెర్చ్ చేయాలంటే

మా పర్లాకిమిడి డిగ్రీ పిల్లలు ఫోరెన్సిక్ అంటే మెషీన్లే అనుకుంటారు. నేను చదివేది మెషీన్ ముందు కూర్చున్న మనిషిని, ముందే విన్న మాట అతని చూపును ఎలా మారుస్తుందో.

ముందు 2004 మాడ్రిడ్ పేలుళ్ల కేసు చదవండి. ఎఫ్‌బీఐ నిపుణులు ఒక వేలిముద్రను అమెరికన్ లాయరుదని తేల్చారు. అతనిది కాదు. తర్వాత మనిషి ఆలోచన మీద పరిశోధించే ఇతియెల్ డ్రోర్ బృందం ఐదుగురు నిపుణులకు, గతంలో వాళ్లే కలిశాయన్న ముద్రలను ఆ తప్పుడు కేసువని చెప్పి చూపించింది. నలుగురు మాట మార్చారు! 2006లో అచ్చయిన ఆ పేపర్ చదివాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

పీజీకి సైకాలజీ అయినా, ఫోరెన్సిక్ సైన్స్ అయినా సరే. గాంధీనగర్‌లో నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది. స్టాటిస్టిక్స్ మాత్రం వదలొద్దు.

చేతిపని ఇంట్లోనే మొదలుపెట్టండి. స్టాంప్ ప్యాడ్, తెల్లకాగితం చాలు. మా పిన్ని జీడిపిక్కలు ఒలుస్తుంది. ఆ జీడికి వేళ్లు నల్లబడి, గీతలు అరిగి, సగం ముద్రే పడింది. అలాంటిదే పనికొస్తుంది. దాని పక్కన ఒక పూర్తి ముద్ర పెట్టి, రెండూ ఒకరివేనా అని ఫ్రెండ్‌ని అడగండి. ఒకసారి "దొంగది ఇదే" అని, నెల తర్వాత అదే జతను ఏమీ చెప్పకుండా చూపించండి. రెండు జవాబులూ రాసిపెట్టుకోండి.

ల్యాబులో చేరాక, చూపు ఒకవైపు మొగ్గకుండా, నిందితుడి ముద్ర చూడకముందే నిపుణులతో ఘటనాస్థలి ముద్రలోని గుర్తులన్నీ రాయించండి.