ఐరిష్ ప్రేమ కవితలో ‘ఆమె’ ఎవరో పోల్చుకోవడం ఎలా

ఐరిష్ ప్రేమ కవితను చదవబోయేటప్పుడు ముందుగా చూడవలసింది, అందులోని స్త్రీకి ఒళ్లంటూ ఉందా లేదా అన్నది. ఆకలి, చలి, అలసట ఉంటే ఆమె మనిషి. వెలుగు, కురులు, కన్నీళ్లు మాత్రమే ఉంటే చాలావరకు ఆమె దేశమే.

18వ శతాబ్దపు అష్లింగ్ కవితలతో మొదలుపెట్టడం మంచిది. అష్లింగ్ అంటే కల. కవికి అందులో కనిపించే సౌందర్యవతి తన అసలు నాథుడు సముద్రం అవతల ఉన్నాడని, అతడు తిరిగి వస్తే తప్ప తన గతి మారదని వాపోతుంది. ఈగన్ ఓ రాహిలీ రాసిన ఒక ప్రసిద్ధ అష్లింగ్‌లో ఆమె ఒక మొరటువాడి చేతుల్లో ఉంటుంది. గద్దె కోల్పోయిన కాథలిక్కు రాజు, స్టూవర్ట్ వంశానికి చెందిన రెండవ జేమ్స్ 1690లో బోయిన్ యుద్ధంలో ఓడి ఫ్రాన్సుకు పారిపోయాడన్న సంగతిని పక్కన పెట్టుకుని చదివితే, ఆ నాథుడు స్టూవర్ట్ వంశీకుడని, ఆ మొరటుతనం ఇంగ్లిష్ ఏలుబడిదని తేలిపోతుంది. తెలుగుతల్లి విగ్రహాలు చూసి పెరిగిన మనకు ఇది వింతగా తోచదు కానీ, ఆ అలవాటే ఇక్కడ మనల్ని ఏమరుస్తుంది: అష్లింగ్‌లో ఆమె తల్లి కాదు, ఎవరి పొందులో ఉందన్నదే రాజకీయంగా మారిన ప్రియురాలు.

తరువాత, మాట్లాడుతున్నది ఎవరో గమనించాలి. కాథలిక్కు దగ్గరున్న మేలుజాతి గుర్రాన్ని అయిదు పౌండ్లకే అడిగినా అమ్మి తీరాలన్న చట్టం ఉన్న రోజుల్లో, తన గుర్రాన్ని అలా ఇవ్వనన్న ఆర్ట్ ఓ లీరీ 1773లో హతుడయ్యాడు. అతని భార్య ఐలీన్ డువ్ పేర నిలిచిన విలాపగీతంలో, ఆమె భర్త నెత్తుటిని తుడవలేదని, దోసిళ్లతో తాగానని చెబుతుంది. చట్టం, చరిత్ర అన్నీ అందులో ఉన్నాయి. అయినా దుఃఖం మాత్రం ఆమె సొంతం.

ఆపైన ఆధునిక ఐరిష్ కవయిత్రి ఈవాన్ బోలాండ్ కవిత ‘క్వారంటైన్’ చదవండి. స్త్రీని జాతికి అలంకారంగా మార్చిన సంప్రదాయాన్ని ఆమె వ్యాసాల్లోనూ నిలదీసింది. ఆ కవితలో, 1847 కరువులో ఒక మనిషి భార్యతో పేదల ఆశ్రమం నుంచి బయలుదేరతాడు; జ్వరంతో ఆమె నడవలేకపోతే వీపున మోసుకుంటూ నడుస్తాడు; తెల్లారేసరికి ఇద్దరూ శవాలై కనిపిస్తారు, ఆమె పాదాలు అతని రొమ్ము ఎముకకు ఆనించి ఉంటాయి. చివరి వెచ్చదనాన్ని అతను వాటికే ఇచ్చాడు. ఈ కవితను మరోసారి చదువుతూ ‘ఆమె’ అన్న చోటల్లా ‘ఐర్లండ్’ అని పెట్టి చూడండి. ఓ రాహిలీ కవితలో ఆ మాట చక్కగా అమరుతుంది. ఇక్కడ ఆ పాదాల దగ్గరకు వచ్చేసరికి అతకదు.