బాణీ ముందు, మాట వెనక: బిల్లీ జోయెల్ పాటలు వినే పద్ధతి

తెలుగు సినిమా పాట ఎలా పుడుతుందో కాస్త తెలిసినవారికి ఈ సంగతి కొత్త కాదు. మన దగ్గర చాలా పాటలకు సంగీత దర్శకుడు ముందుగా బాణీ కట్టి ఇస్తాడు; కవి ఆ తననాల కొలతకు సరిపోయే మాటలను తర్వాత కూర్చుతాడు. అమెరికన్ పాప్ రాక్ గాయకుడు బిల్లీ జోయెల్ ఈ రెండు పనులూ తానే చేసుకుంటారు గానీ వరుస మాత్రం ఇదే. ముందు పియానో మీద రాగం కుదరాలి, ఆ రాగం ఏ కథ చెప్పమంటున్నదో తెలియాలి, మాటలు ఆ తర్వాతే రావాలి. తన పద్ధతి ఇదేనని ఆయన ఎన్నోసార్లు చెప్పారు. అందువల్ల ఆయన పాటలను వినేవారు కూడా అదే వరుస పాటిస్తే మంచిదని నా అభిప్రాయం. మొదటిసారి మాటలను పట్టించుకోకుండా కూనిరాగం తీయగలిగేంత వరకూ వినండి. రెండోసారి సాహిత్యం ముందు పెట్టుకుని వినండి. మూడోసారి పియానో మీద ఎడమచేయి ఏం చేస్తున్నదో గమనించండి. ఇంగ్లీషు పాట అనగానే మాట అర్థం కాలేదని సగంలో వదిలేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఈ వరుసలో వింటే ఆ బెంగ ఉండదు.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. నేను పేరున్న పాటల సంకలనంతో మొదలుపెట్టి పొరపాటు చేశాను. ఒక్కో పాటా బాగానే ఉంది, కానీ పక్కపక్కన పెడితే అవన్నీ ఒకే మనిషి పాడినట్టు అనిపించలేదు. ఇక్కడ పల్లెటూరి హార్మోనికా, అక్కడ జాజ్ శాక్సఫోను, ఇంకోచోట చిటికెల మీద నడిచే బృందగానం. ప్రతి ఆల్బమ్‌కూ వేషం మార్చడం ఆయన స్వభావమని, ఆ వేషాన్ని ఆ ఆల్బమ్‌లోనే చూడాలని నాకు ఆలస్యంగా తెలిసింది. కాబట్టి సంకలనాలను, షఫుల్ బొత్తాన్ని కొంతకాలం పక్కన పెట్టండి. అలాగని 1971లో వచ్చిన మొదటి ఆల్బమ్ నుంచి వరుసగా వినడం కూడా మంచిది కాదు. ఆ ఆల్బమ్, 'కోల్డ్ స్ప్రింగ్ హార్బర్', మాస్టరింగ్‌లో, అంటే విడుదలకు ముందు ఆఖరి ప్రతి సిద్ధం చేసే దశలో, తప్పుడు వేగంతో తయారైంది. దానివల్ల గాయకుడి గొంతు సహజం కన్నా పై శ్రుతిలో, సన్నగా వినిపించింది. 1983లో సరిచేసి మళ్లీ విడుదల చేశారు గానీ తొలి పరిచయానికి అది తగదు.

మనిషి గురించి క్లుప్తంగా తెలుసుకుంటే చాలు. 1949 మే 9న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టి, లాంగ్ ఐలాండ్‌లోని హిక్స్‌విల్‌లో పెరిగారు. ఆ ఊరి పేరు అమెరికాలోని తెలుగువారికి మరో కారణంగా పరిచయమే. ఇవాళ అక్కడి ప్రధాన వీధిలో భారతీయ కిరాణా కొట్లు, దోసెల హోటళ్లు బారులు తీరి ఉంటాయి. జోయెల్ చిన్నతనంలో అవేవీ లేవు; యుద్ధానంతరం ఒకే అచ్చులో కట్టిన చిన్న ఇళ్లు, మధ్యతరగతి కుటుంబాలు ఉండేవి. నాజీల కాలంలో జర్మనీ వదిలివచ్చిన యూదు కుటుంబంలోని తండ్రి పియానో వాయించేవారు. చిన్నప్పుడు నేర్చిన పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం జోయెల్ ఎడమచేతిలో చివరిదాకా నిలిచింది.

మొదటి సాధనకు 1973 నాటి 'పియానో మ్యాన్' పాట తీసుకోండి. తొలి రికార్డింగు ఒప్పందపు చిక్కుల్లోంచి బయటపడే మార్గం వెతుకుతూ లాస్ ఏంజిలిస్ చేరిన జోయెల్ అక్కడ ఎగ్జిక్యూటివ్ రూమ్ అనే బారులో బిల్ మార్టిన్ అనే మారుపేరుతో కొన్ని నెలలు పియానో వాయించారు. పాటలోని మనుషులు ఆ బారులో ఆయన చూసినవారే. అయితే కథ జోలికి పోకముందు చేతితో తాళం వేసి చూడండి. నాలుగు దెబ్బల రాక్ నడకకు అలవాటుపడిన చేయి ఇక్కడ తప్పుతుంది, ఎందుకంటే ఇది తిశ్ర నడక, తకిట తకిట అని ఊగే వాల్ట్జ్. తాళం కుదిరాక పియానో కింది స్వరాలను పట్టుకోండి. పాట సి మేజర్‌లో ఉంది, మన లెక్కలో అది శంకరాభరణం స్వరాలు. పై షడ్జం దగ్గర మొదలైన మంద్రస్వరం స, ని, ద, ప, మ, గ, రి అంటూ మెట్టు మెట్టుగా దిగుతుంది. ఇక అడుగున షడ్జం మీద వాలుతుందనుకునే సమయానికి వాలకుండా పంచమానికి ఎగిరి, మళ్లీ మొదటి మెట్టుకు దారి తీస్తుంది. సంగీత పాఠాల్లో మొదటి రోజు నేర్పే అవరోహణే ఇది, చివరి స్వరం ఒక్కటి మాత్రం దక్కనివ్వలేదు. ఇప్పుడు సాహిత్యం తెరవండి. రాయాలనుకున్న నవల పూర్తికాని మనిషి, ఇంకేదో ఊళ్లో ఇంకేదో అయి ఉండవలసిన బార్‌మన్, అందరూ అనుకున్న చోటికి చేరకుండా మిగిలిపోయినవారే. దిగి దిగి ఇల్లు చేరని ఆ ఎడమచేతి వరుస ఈ మనుషుల కథనే చెబుతున్నదని నాకు అనిపిస్తుంది. ఈ ఒక్క పాటను ఇలా మూడుసార్లు విన్నవారికి మిగతా ప్రయాణం సులువు.

ఆ తర్వాత నేరుగా 1977 సెప్టెంబరులో విడుదలైన 'ద స్ట్రేంజర్' ఆల్బమ్‌కు రండి. తొమ్మిది పాటలు, ముప్పావు గంటకు లోపు. మధ్యలో ఫోను చూడకుండా ఒక్క బిగిన వినవలసిన ఆల్బమ్ ఏదైనా ఉంటే ఇదే. దీని నిర్మాత ఫిల్ రామోన్. బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ కూడా అప్పట్లో ఆసక్తి చూపారు, కానీ జోయెల్ సొంత వాద్యబృందం బదులు స్టూడియో కళాకారులు వాయించాలని కోరడంతో జోయెల్ వద్దన్నారు. ఆ నిర్ణయం ఎంత విలువైనదో డ్రమ్మర్ లిబర్టీ డెవిటో, బేసిస్ట్ డగ్ స్టెగ్‌మేయర్ వాయిద్యం వింటే అర్థమవుతుంది; గాయకుడు పదం ఎక్కడ ఆపుతాడో ముందే తెలిసినవారి చేతులవి. శీర్షిక పాటకు ముందు వచ్చే ఈల కథ కూడా ఇలాంటిదే. ఈ వరుసకు ఏ వాద్యం పెడితే బాగుంటుందని జోయెల్ ఈల వేసి వినిపిస్తే, వెతకనక్కర్లేదు, ఇదే ఆ వాద్యం అని రామోన్ తేల్చేశారు. ఆ ఈల ఆల్బమ్ చివర మళ్లీ వినిపిస్తుంది. విడివిడి పాటలుగా వినేవారికి ఈ ముడి అందదు.

ఇందులో 'జస్ట్ ద వే యు ఆర్' అందరికీ తెలిసిన పాట. 1978 సంవత్సరపు రికార్డుగా, సంవత్సరపు పాటగా అమెరికా సంగీత పురస్కారాలైన గ్రామీలు రెండు తెచ్చింది. జోయెల్ దీన్ని ఆల్బమ్‌లోంచి తీసేద్దామనుకున్నారు; స్టూడియోకు వచ్చిన గాయనులు లిండా రాన్‌స్టాట్, ఫీబీ స్నో ఉంచమన్నాక ఉంచారు. సింగిల్‌గా, అంటే విడి పాటగా, విడుదల చేసినప్పుడు దీన్ని కుదించారు గనుక మీరు వింటున్నది ఆల్బమ్‌లోని పూర్తి నిడివి పాటేనా అని చూసుకోండి. లేకపోతే జాజ్ కళాకారుడు ఫిల్ వుడ్స్ వాయించిన శాక్సఫోను మీకు పూర్తిగా దక్కదు.

కానీ మీ సమయంలో పెద్ద వాటా ఏడున్నర నిమిషాల పైచిలుకు నడిచే 'సీన్స్ ఫ్రమ్ ఆన్ ఇటాలియన్ రెస్టారెంట్'కు కేటాయించమని నా మనవి. ఇది మూడు అసంపూర్ణ పాటలను కలిపి కుట్టిన పాట. పాత స్నేహితులు ఇద్దరు హోటల్లో కలుసుకుని ఏ వైన్ తెప్పించుకుందామని మాట్లాడుకోవడంతో, నెమ్మదైన పియానోతో ఇది మొదలవుతుంది. కాసేపటికి నడక మారి, క్లారినెట్‌తో పాతకాలపు న్యూ ఆర్లిన్స్ జాజ్ పలకరిస్తుంది. ఆపై పియానో ఒక్కటే ఉన్నట్టుండి పరుగు అందుకుని, బ్రెండా, ఎడ్డీ అనే జంట కథలోకి మనల్ని తోసేస్తుంది. స్కూల్లో అందరూ అసూయపడిన జంట తొందరపడి పెళ్లి చేసుకోవడం, డబ్బు చాలక గొడవపడటం, విడిపోవడం, ఇదంతా హుషారైన రాకెన్‌రోల్ నడకలో జరిగిపోతుంది. కథ విషాదం, బాణీ ఉత్సాహం. ఊళ్లో పరిచయస్తుల విడాకుల సంగతి మనుషులు సరిగ్గా ఇలాగే చెప్పుకుంటారు కదా, కాస్త రుచిగా, కాస్త తొందరగా. చివరికి మళ్లీ మొదటి బల్ల దగ్గరికే వస్తాం. ఇప్పుడు అదే నెమ్మది రాగం వేరుగా వినిపిస్తుంది. ఎక్కడ నడక మారిందో కాగితం మీద నిమిషాలతో సహా గుర్తు పెట్టుకుంటూ ఒకసారి వినండి, ఈ పాట ఎంత పకడ్బందీగా అల్లినదో కళ్లకు కడుతుంది. ఆ వెంటనే వచ్చే 'వియన్నా'లో అకార్డియన్ వాద్యం, ఆ పేరున్న యూరప్ నగరంలో తర్వాత స్థిరపడిన జోయెల్ తండ్రి నీడ ఉన్నాయి. తొందరపడే యువకుడికి పెద్దవారు చెప్పే మాటలా సాగే ఈ పాట ఆరోజుల్లో సింగిల్‌గా పేరు తెచ్చుకున్నది కాదు. కొత్త తరం వారు మాత్రం దీన్ని వెతుక్కుని మరీ వింటున్నారు.

ఇక్కడి నుంచి ఒక అడుగు వెనక్కి వేయవచ్చు. 1976 నాటి 'టర్న్‌స్టైల్స్' లాస్ ఏంజిలిస్ వదిలి న్యూయార్క్ తిరిగొచ్చినప్పటిది. ముందు వేరే కళాకారులతో చేసిన రికార్డింగు నచ్చక, తన బృందంతో మళ్లీ మొదటినుంచి చేసి తానే నిర్మించారు. అంతకు ముందరి పాటలను అసలు ఆల్బమ్‌ల కన్నా 1981లో వచ్చిన 'సాంగ్స్ ఇన్ ది ఆటిక్' అనే కచేరీ ఆల్బమ్‌లో వినడం మేలు. స్టూడియోలో బిక్కుబిక్కుమంటూ నిలబడిన పాటలే వేదిక మీద కుదురుకున్నాయి.

ముందుకు వెళ్లేటప్పుడు తొందరగా దాటవలసినవి, ఆగవలసినవి ఉన్నాయి. 1978 నాటి 'ఫిఫ్టీ సెకండ్ స్ట్రీట్' జాజ్ వాసన ఉన్న ఆల్బమ్. సంవత్సరపు ఆల్బమ్‌గా గ్రామీ పొందిన ఇది, 1982 అక్టోబరు 1న జపాన్‌లో అమ్మకానికి వచ్చిన తొలి సీడీగా కూడా చరిత్రలో నిలిచింది. 1980 నాటి 'గ్లాస్ హౌసెస్' అద్దం పగిలిన చప్పుడుతో మొదలయ్యే గట్టి రాక్. అమెరికాలో ఆయనకు తొలి నంబర్ వన్ పాట ఇచ్చింది గానీ నా ఇంట్లో ఎక్కువగా మోగేది కాదు.

ఆగవలసింది 1982 నాటి 'ద నైలాన్ కర్టెన్' దగ్గర. మొదటి పాట 'అలెన్‌టౌన్' ఫ్యాక్టరీ కూతతో మొదలవుతుంది, ఉక్కు పరిశ్రమ మూతపడుతున్న పెన్సిల్వేనియా ఊరి గురించి చెబుతుంది. బాణీ ముందు అన్న మాటకు ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. ఈ రాగం ఎప్పటినుంచో ఆయన దగ్గర ఉంది, మొదట దానికి తాను పెరిగిన ప్రాంతంలోని లెవిట్‌టౌన్ పేరు పెట్టి రాయబోయారు. అక్కడ చెప్పుకోదగ్గ కథేమీ కనిపించక పక్కన పెట్టేశారు. పాటకు తగిన ఊరు దొరికేదాకా రాగం కాచుకుని కూర్చుంది. అదే ఆల్బమ్‌లోని 'గుడ్‌నైట్ సైగాన్' కీచురాళ్ల రొదతో, హెలికాప్టర్ల చప్పుడుతో మొదలవుతుంది. జోయెల్ వియత్నాం యుద్ధానికి వెళ్లలేదు. వెళ్లివచ్చిన స్నేహితులు చెప్పింది విని రాశారు. ఈ రెంటినీ రాత్రిపూట, హెడ్‌ఫోన్స్‌తో వినండి.

మరుసటి ఏడాది వచ్చిన 'ఆన్ ఇనోసెంట్ మ్యాన్' దీనికి పూర్తిగా వ్యతిరేకం. తాను చిన్నప్పుడు రేడియోలో విన్న గాయకుల శైలులను ఒక్కో పాటలో ఒక్కొక్కటిగా ధరించిన సరదా ఆల్బమ్ ఇది. 'ద లాంగెస్ట్ టైమ్'లో వినిపించే గొంతులన్నీ ఆయనవే. వాటికి తోడు ఒక బేస్ గిటారు, చిటికెలు. 'దిస్ నైట్' పాట కోరస్ దగ్గర మాత్రం ఆపి, బేతోవెన్ 'పథేటిక్' సొనాటాలోని రెండో భాగాన్ని విని, మళ్లీ పాటకు రండి. రాగం ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆల్బమ్ మీద కూడా బేతోవెన్ పేరు వేశారు.

1989 నాటి 'వి డిడింట్ స్టార్ట్ ద ఫైర్' గురించి ఒక హెచ్చరిక. తాను పుట్టిన 1949 నుంచి నలభై ఏళ్ల వార్తాశీర్షికలను గుక్క తిప్పుకోకుండా చదివే ఈ పాట అమెరికాలో నంబర్ వన్ అయింది, చరిత్ర పాఠాలకు ఉపాధ్యాయులు వాడుకున్నారు. కానీ ఇందులో ఆయన తన పద్ధతిని తలకిందులు చేసి మాటలు ముందు రాశారు. ఆ బాణీ తనకే నచ్చదని ఆయన దాచుకోకుండా చెప్పారు. మాటలు తీసేసి కూనిరాగం తీసి చూస్తే ఆయన బాధ మీకూ తెలుస్తుంది.

1993 నాటి 'రివర్ ఆఫ్ డ్రీమ్స్'తో పాప్ ఆల్బమ్‌ల వరుస ఆగిపోయింది. దాని చివరి పాట పేరు 'ఫేమస్ లాస్ట్ వర్డ్స్' కావడం గమనార్హం. కచేరీలు మాత్రం ఆగలేదు. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 2014 నుంచి నెలకొకటి చొప్పున సాగిన వరుస 2024 జూలై 25న, ఆ వేదిక మీద ఆయన మొత్తం 150వ కచేరీతో ముగిసింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఎన్నో ఏళ్ల తర్వాత 'టర్న్ ద లైట్స్ బ్యాక్ ఆన్' అనే కొత్త పాట వచ్చింది, అదీ ఇతర రచయితలతో కలిసి రాసినది. 2025 మేలో మెదడుకు సంబంధించిన అనారోగ్యం బయటపడటంతో మిగిలిన కచేరీలను రద్దు చేసుకున్నారు. కాబట్టి ప్రస్తుతానికి రికార్డింగులే మనకు దిక్కు.

అన్నీ విన్నాక చివర్లో 2001 నాటి 'ఫాంటసీస్ అండ్ డెల్యూజన్స్' పెట్టుకోండి. అందులో జోయెల్ పాడలేదు, వాయించనూ లేదు. ఆయన రాసిన పియానో రచనలను రిచర్డ్ జూ అనే పియానిస్టు వాయించారు. మొదటిసారి కూనిరాగం కోసం, మూడోసారి ఎడమచేతి కోసం వినవచ్చు. రెండోసారికి సాహిత్యపు కాగితం అవసరం ఉండదు.