బలమైన డ్రా చేతికొచ్చినా పోకర్ టోర్నమెంట్‌లో చిప్స్ కరిగిపోతుంటే

మీ చేతిలో ఆఠీను జాకీ, ఆఠీను పది. ఫ్లాప్‌లో (అందరికీ ఉమ్మడిగా తెరిచే మొదటి మూడు ముక్కల్లో) ఆఠీను తొమ్మిది, కళావరు ఎనిమిది, ఆఠీను రెండు పడ్డాయి. ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు ఐదు) పూర్తి చేసే ఆఠీన్లు తొమ్మిది, స్ట్రెయిట్ (వరుస ముక్కలు ఐదు) పూర్తి చేసే ఆఠీను కాని ఏడులు, రాణులు కలిపి ఆరు. అంటే పనికొచ్చే ముక్కలు 15. రివర్ (చివరి, ఐదో ఉమ్మడి ముక్క) లోపు వీటిలో ఒకటైనా పడే అవకాశం 54 శాతం. పోకర్‌లో ఇంతకంటే మంచి డ్రాలు (పూర్తి కావడానికి ఇంకా ముక్క రావాల్సిన చేతులు) అరుదు.

సమస్య: ఇలాంటి డ్రాతోనూ చిప్స్ పోగొట్టుకుని టర్న్‌లో (నాలుగో ఉమ్మడి ముక్క పడ్డాక) ఫోల్డ్ చేయాల్సి, అంటే చేయి వదిలేయాల్సి వస్తోంది.

కారణం: ఎదుటివారు పందెం కాసినప్పుడు కాల్ చేసి (అంతే మొత్తం పెట్టి), తర్వాతి ముక్క కోసం ఎదురుచూస్తున్నారు. ఆ 54 శాతం రెండు ముక్కలూ చూసేవారికే. టర్న్ ఒక్కదానికైతే 32 శాతమే. అది కాస్తా తప్పితే పెద్ద పందెం మీద పడుతుంది, మీ డ్రా విలువ అప్పటికే సగానికి దగ్గరగా పడిపోయి ఉంటుంది. పైగా కాల్ చేసినవారు గెలవాలంటే ముక్క పడి తీరాలి. రెయిజ్ చేసినవారికి (పందెం పెంచినవారికి) ఎదుటివారు ఫోల్డ్ చేసినా గెలుపే.

పరిష్కారం: స్టాక్ (మీ దగ్గరున్న చిప్స్) 20 బిగ్ బ్లైండ్ల (ముక్కలు చూడకముందే తప్పనిసరిగా కాసే పెద్ద పందెం) చుట్టుపక్కల ఉంటే ఫ్లాప్‌లోనే ఆల్-ఇన్ వెళ్లండి, అంటే చిప్స్ అన్నీ పెట్టేయండి. పాట్‌లో (మధ్యలో పోగైన పందేల్లో) 6,500, మీ దగ్గర 20,000, ఎదుటివారి దగ్గరా అంతే అనుకుందాం. వారు 4,000 కాశారు, మీరు ఆల్-ఇన్ అన్నారు. వారు ఫోల్డ్ చేస్తే 10,500 మీవి. కాల్ చేస్తే పాట్ 46,500 అవుతుంది. గెలిచే అవకాశం 50 శాతమే అనుకున్నా మీ వాటా సగటున 23,250, అంటే పెట్టిన 20,000 కంటే ఎక్కువే. ఎదుట మూడు ఎనిమిదులు ఉంటే అవకాశం 40 శాతం దరికి దిగుతుంది, అయినా నష్టం స్వల్పం. కాబట్టి ఇక్కడ భయపడనక్కర్లేదు.

సమస్య: అదే పని మామూలు ఫ్లష్ డ్రాతో చేస్తే బెడిసికొడుతోంది.

తొమ్మిది ముక్కలతో అవకాశం 35 శాతమే. పై లెక్కలో కాల్ పడితే సగటున 3,700 పైచిలుకు నష్టం. ఎదుటివారు నాలుగింట ఒకసారి కంటే కాస్త ఎక్కువగా ఫోల్డ్ చేస్తేనే గిట్టుబాటు. చిప్స్‌లో ఎక్కువ భాగం అప్పటికే పాట్‌లో పెట్టేసినవారు, ఏ జత తగిలినా వదలనివారు ఎదుట ఉంటే ఆ ఆల్-ఇన్ మానుకోండి. కాల్ కూడా చౌక కాదు: 4,000 పెట్టడానికి సుమారు 28 శాతం అవకాశం కావాలి, టర్న్‌లో ఉన్నది 19 శాతమే.

సమస్య: బహుమతి వరుసకు ఒకటి రెండు స్థానాల ముందే ఔట్ అవుతున్నారు.

ఆ దశలో పోయే చిప్స్ విలువ వచ్చే చిప్స్ విలువ కంటే ఎక్కువ. మీకంటే పెద్ద స్టాక్ ఉన్నవారితో డ్రా మీద ఆల్-ఇన్ పెట్టుకోకండి. మీ స్టాక్ పెద్దదైతే మధ్యస్థ స్టాక్‌ల మీద ఒత్తిడి పెట్టండి, ఔట్ అయ్యే భయం వారిదే కనుక ఎక్కువగా ఫోల్డ్ చేసేదీ వారే.