పాటను చెవితో నేర్చుకునేవారు రికార్డరు ఎలా ఎంచుకోవాలి?

రికార్డరు కొనబోయేవారు మొదట మైకు ఎలా ఉంటుందని అడుగుతారు. పాట నేర్చుకునేవారికి అది రెండో ప్రశ్న. గురువుగారు ఒక సంగతిని, అంటే పాటలో ఒకే వాక్యాన్ని మార్చి పాడే తీరును, రెండుసార్లో మూడుసార్లో పాడి వినిపిస్తారు. ఇంటికి వచ్చాక మనం దాన్ని నలభైసార్లు వింటాం. ఆ పరికరం పాటను పట్టుకునే సమయం కన్నా మనకు వినిపించే సమయమే ఎక్కువ. అందుకే వినిపించే తీరు చూసి కొనండి. మైకుల సంగతా, ఇప్పుడు చిన్న రికార్డర్లలో కూడా మన అవసరానికి చాలినంత బాగానే ఉంటున్నాయి.

ముందు చేతిలో ఉన్న ఫోనును పరీక్షించండి

ఒక వారం ఫోనుతోనే పాఠం రికార్డు చేసి చూడండి. విమానం గుర్తు ఉన్న మోడ్ పెట్టకపోతే పల్లవి మధ్యలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఫోనుతో అసలు చిక్కు వేరే ఉంది. మాటలు స్పష్టంగా వినిపించాలని కొన్ని రికార్డింగ్ యాప్‌లు వెనుక చప్పుడును తగ్గించేస్తాయి. ఒకే తీరుగా మోగుతూ ఉండే తంబురా వాటికి ఫ్యాను చప్పుడులా తోస్తుంది. తీరా ఇంట్లో వింటే గొంతు ఉంటుంది, శ్రుతి మాయమై ఉంటుంది. సెట్టింగులలో ఆ సదుపాయాన్ని ఆపేయగలిగి, ఆపాక తంబురా నిలకడగా వినిపిస్తే, మీ డబ్బు మిగిలినట్టే. చాలామందికి అదే సరిపోతుంది.

వినిపించే బటన్లు చూడండి

రెండు సదుపాయాలు తప్పనిసరి. మొదటిది ఎ-బి రిపీట్: పాటలో ఇక్కడి నుంచి ఇక్కడి వరకు అని రెండు చోట్ల గుర్తు పెడితే, ఆ ముక్కే మళ్లీ మళ్లీ వినిపించాలి. క్యాసెట్ రోజుల్లో టేపును వెనక్కి తిప్పి, ఎక్కువ తిరిగితే మళ్లీ ముందుకు తిప్పి, ఆ గోలలో అసలు సంగతిని మరిచిపోయేవాళ్లం. రెండోది, శ్రుతి మారకుండా వేగం తగ్గించడం. పాత టేపును సగం వేగంతో నడిపితే పాట మొత్తం ఒక స్థాయి కిందికి దిగిపోయేది. ఐదున్నర శ్రుతిలో, అంటే బాగా పైన, పాడిన గురువుగారు గుహలోంచి పాడుతున్నట్టు వినిపించేవారు. ఇప్పటి పరికరాలు శ్రుతిని అలాగే ఉంచి కాలాన్ని మాత్రమే సాగదీస్తాయి.

దీని విలువ తోడి రాగంలోని గాంధార స్వరం దగ్గర తెలుస్తుంది. పుస్తకంలో 'గ' అని ఒక్క అక్షరమే రాసి ఉంటుంది. పాడేటప్పుడు అది రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. ఎన్నిసార్లు ఊగింది, ఎక్కడ మొదలైంది, ఎక్కడ నిలిచింది అన్నది మామూలు వేగంలో కొత్తవాళ్ల చెవికి అందదు. వేగాన్ని 70 శాతానికి తగ్గించి ఆ ముక్కను పదిసార్లు తిప్పి వినండి. ఊగు లెక్కకు వస్తుంది. 50 శాతానికి దించితే మాత్రం స్వరం గరగరలాడి, లేని గమకాలు (స్వరపు ఊగులు) కూడా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. అంత కిందికి వెళ్లకండి.

జూమ్ హెచ్1ఎన్, టాస్కామ్ డిఆర్-05ఎక్స్ వంటి చిన్న రికార్డర్లలో ఈ రెండు సదుపాయాలూ ఉన్నాయి. వేగాన్ని 50 నుంచి 150 శాతం వరకు మార్చుకోవచ్చు. అవే కంపెనీలు తెచ్చిన మరో మోడల్‌లో ఇవి ఉంటాయని మాత్రం అనుకోవద్దు. కొనేముందు దాని మాన్యువల్‌ను దింపుకుని, ప్లేబ్యాక్ గురించిన పేజీలు చదవండి.

కొట్లో ఇంకొకటి చేయండి. ఒక చేత్తో తొడమీద తాళం వేస్తూ, రెండో చేతి బొటనవేలితో రిపీట్ బటన్ నొక్కి చూడండి. తాళం ఆపకుండా నొక్కగలిగితే మంచిది. మూడు మెనూలు తెరిస్తే తప్ప రిపీట్ దొరకని రికార్డరు సాధనకు పనికిరాదు.

శబ్దాన్ని తనంతట తానే సర్దుకుంటే ఆపేయగలగాలి

'ఆటో లెవెల్' అనే సదుపాయం మీటింగులకు బాగుంటుంది, పాటకు చేటు. చిన్న శబ్దాన్ని పెంచడం, పెద్ద శబ్దాన్ని తగ్గించడం దాని పని. గాయకుడు ఊపిరి తీసుకోవడానికి ఆగగానే 'ఎవరూ లేరు కాబోలు' అనుకుని అది శబ్దాన్ని పెంచుతుంది. వెంటనే తంబురా ఉబ్బి పైకి వస్తుంది. మళ్లీ పాట అందుకోగానే అణిగిపోతుంది. గొంతులోని చిన్నా పెద్దా తేడాలన్నీ చదునైపోతాయి.

దీన్ని కొట్లోనే తేల్చుకోవచ్చు. ఫోనులో తంబురా యాప్ పెట్టి, 'సరిగమ' అని గట్టిగా పాడి, నాలుగు సెకన్లు ఆగి, మళ్లీ పాడండి. ఆగిన చోట తంబురా పైకి లేస్తే ఆటో లెవెల్ పనిచేస్తున్నట్టు. దాన్ని ఆపి, లెవెల్ మీరే పెట్టుకునే వీలుందో లేదో చూడండి. పెద్ద గొంతు వచ్చినప్పుడు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడితే చాలు. కొత్తగా వస్తున్న '32 బిట్ ఫ్లోట్' రికార్డర్లలో లెవెల్ పెట్టే పనే ఉండదు, కానీ ఫైళ్లు బరువు, కొన్ని ఫోన్లలో తెరుచుకోవు.

'లో కట్' అన్నది బాగా కింది శబ్దాలను, అంటే ఫ్యాను రొదను, బల్ల అదురును కోసేస్తుంది. ఆడవారి గొంతుకు పరవాలేదు. ఒకటో శ్రుతిలో పాడే మగవారి మంద్ర షడ్జమం (కింది స్థాయి 'స') సుమారు 65 హెర్ట్‌జ్ దగ్గర ఉంటుంది. లో కట్ 80 హెర్ట్‌జ్ దగ్గర పెడితే ఆ షడ్జమం పలచబడుతుంది. మృదంగం ఎడమవైపు మోత కూడా అంతే. లో కట్ పెట్టే బదులు ఫ్యాను ఆపి రికార్డరు కింద మడత పెట్టిన తువ్వాలు వేయడం మేలు.

మైకు, ఫైలు, బ్యాటరీ

ఎదురుగా కూర్చున్న ఒకరి దగ్గర నేర్చుకుంటే హెచ్1ఎన్ మాదిరిగా ముందువైపు శబ్దాన్ని ఎక్కువగా తీసుకునే మైకులు బాగుంటాయి. చుట్టూ కూర్చుని పాడే భజనకు డిఆర్-05ఎక్స్ తరహా, అన్ని వైపుల నుంచీ వినే మైకులు నయం.

రోజువారీ పాఠానికి ఎంపీ3 చాలు. పెద్దవాళ్ల దగ్గర పాటలు సేకరిస్తుంటే మాత్రం శబ్దాన్ని కుదించని వేవ్ ఫైలులోనే చేయండి. 44.1 కిలోహెర్ట్‌జ్, 16 బిట్ స్టీరియోలో గంటకు సుమారు 635 ఎంబీ అవుతుంది. 32 జీబీ కార్డులో దాదాపు 50 గంటలు పడుతుంది.

మందుల కొట్లో కూడా దొరికే సెల్స్‌తో నడిచేది నాకు ఇష్టం. ఊళ్లో కరెంటు పోయినా పని ఆగదు. బటన్లు పొరపాటున పనిచేయకుండా ఆపే హోల్డ్ స్విచ్ ఉంటే రికార్డింగ్ మొదలుపెట్టగానే దాన్ని వేయండి. ఒకసారి మరిచిపోయాను. జేబు ఒత్తిడికి బటన్ పడి, గంట పాఠంలో ఏడు నిమిషాలే మిగిలింది.

రికార్డు చేసే రోజు

ముందు అడగండి. గురువుగారు వద్దంటే వద్దు. ఒప్పుకుంటే మూడడుగుల దూరంలో, నోటికి ఎదురుగా కాక కాస్త పక్కగా పెట్టండి. మొదట తేదీ, ఊరు, రాగం, తాళం మీ గొంతుతో చెప్పండి. ఫైలు పేరులో ఉన్న అంకెలు ఆరు నెలల తర్వాత మీకేమీ చెప్పవు.

మొదలుపెట్టాక మధ్యలో ఆపకండి. మా మేనత్త దగ్గర పెళ్లి పాటలు రికార్డు చేసినప్పుడు కార్డు ఖాళీ చాలదేమోనని పాటకూ పాటకూ మధ్య ఆపేశాను. ఆమె ప్రతి చరణాన్నీ ఒకే వరసలో పాడేది కాదు. అప్పగింతల పాట అయ్యాక నేను పాడి చూపిస్తే, "అలా కాదురా, అక్కడ దీర్ఘం తీసి కిందికి దింపాలి" అని ఆ ఒక్క చరణాన్ని మళ్లీ పాడింది. అప్పుడు రికార్డరు ఆగి ఉంది. ఆ పాటలో నాకు ఇప్పటికీ రానిది ఆ చరణమే.