ఫియట్ లోపలి పని: పాత కవరే ఆది

పాత కారు ఇంటీరియర్ బాగు చేయాలంటే అందరూ ముందు మెకానిక్ దగ్గరికే పరుగెత్తుతారు. నన్నడిగితే అందులో పానా పని పావలా వంతు, సూది పని ముప్పావలా. నేను హన్మకొండలో జాకెట్లు కుడతాను. మా మామయ్య ఫియట్‌కు, అంటే ప్రీమియర్ పద్మినికి, డాష్‌బోర్డు నుంచి సీట్ల దాకా ఇంటి ముందు రేకుల షెడ్డులోనే చేసుకున్నాం. ఇనుప పని మా ఆయనది, కుట్టు పని నాది. ఈ పని పెట్టుకునే వాళ్లకు ముందుగా ఒక మాట: కొత్తది బిగించేదాకా పాతది ఒక్క ముక్క కూడా పారేయొద్దు. చిరిగిన రెక్సిన్, కుళ్లిన అట్ట, తుప్పు పట్టిన క్లిప్పు అన్నీ ఒక గోనె సంచిలో వేసి ఉంచండి. బ్లౌజు కుట్టాలంటే ఆది జాకెట్టు అడుగుతాం కదా, కారు సీటుకు పాత కవరే ఆది.

కాలం కూడా చూసుకోవాలి. వానాకాలంలో రంగు వేస్తే గాలిలో తేమకు పైపూత తెల్లగా మసకబారుతుంది. మే నెల మధ్యాహ్నం మన వరంగల్ ఎండలో స్ప్రే చేస్తే రంగు రేకును తాకేలోపే సగం ఆరిపోయి గరుకుగా దిగుతుంది. సంక్రాంతి దాటాక మొదలుపెడితే రంగు పనికి బాగుంటుంది, ఎండలు ముదిరే వేళకు రెక్సిన్ పనికి వస్తారు.

బ్యాటరీ మైనస్ వైరు తీశాకే ఏదైనా ముట్టుకోండి. మొదట సీట్లు, తర్వాత మ్యాట్లు, డోర్ ప్యాడ్లు (తలుపుల లోపలివైపు బిగించే అట్టలు), చివర డాష్‌బోర్డు విప్పాలి. ఒక్కో భాగం తీసేముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. స్క్రూలు ఏ చోటివో రాసి చిన్న కవర్లలో వేయండి. వైర్లకు తెల్ల టేపు చుట్టి దాని మీద రాయాలి. రంగును బట్టి గుర్తుంటుందిలే అనుకోవద్దు, ఇన్నేళ్ల దుమ్ములో అన్ని వైర్లూ ఒకే రంగులో కనబడతాయి.

మ్యాట్ లేపితే అసలు సంగతి బయటపడుతుంది. దాని కింద పరిచిన జనపనార నీళ్లు పీల్చి ఏళ్ల తరబడి రేకును తింటూ ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగబడిందా, అది టింకరింగ్ వాళ్ల వెల్డింగ్ పని. పైపైన తుప్పయితే వైరు బ్రష్‌తో గీకి, తుప్పు పట్టకుండా వేసే రెడ్ ఆక్సైడ్ రంగు కొట్టి ఆరబెట్టండి. అంతకంటే ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపెట్టాలి. ఒకరు టార్చితో లోపల కూర్చుంటే ఇంకొకరు ముందు అద్దం రబ్బరు చుట్టూ మెల్లగా నీళ్లు పోయాలి. తలుపుల కింది అంచున చిన్న రంధ్రాలుంటాయి, అవి మట్టితో మూసుకుపోతే లోపల నిలిచిన నీళ్లు డోర్ ప్యాడ్ అట్టను నానబెడతాయి. పుల్లతో పొడిస్తే చాలు. ఆ అట్ట ఉబ్బిపోయి ఉంటే పాతదాన్నే హార్డ్‌బోర్డు మీద పెట్టి గీసి కొత్తది కోసుకోండి, బిగించేటప్పుడు వెనక ప్లాస్టిక్ షీటు తప్పకుండా అంటించండి.

ఇక డాష్‌బోర్డు. మా బండిది రేకుది. స్పీడోమీటర్ వెనక కేబుల్‌కు ఉండే గుండ్రటి నట్టును చేత్తోనే తిప్పి వదులు చేయొచ్చు. మీటరు బయటికి వచ్చాక మామయ్య ఒకటే మాట అన్నాడు: "ఆ ముల్లును ముట్టకు బిడ్డా." నిజమే, పాత అంకెల అచ్చు మెత్తటి గుడ్డతో తుడిచినా లేచిపోవచ్చు. అద్దాన్ని మాత్రమే శుభ్రం చేసి వదిలేయండి. కేబుల్‌కు గ్రీజు పెడితే కింది నుంచి పెట్టండి, మీటరు వైపు జానెడు మేర పొడిగా ఉంచండి. లేకపోతే కేబుల్ తిరిగే కొద్దీ గ్రీజు పైకి పాకి మీటర్లోకి చేరుతుంది.

రంగు కలపడానికి ముందువైపు చూపించొద్దు, ఎండకు వెలిసిపోయి ఉంటుంది. మీటరు వెనక దాగిన అంచునో, గ్లవ్ బాక్స్ మూత లోపలివైపో అసలు రంగు ఉంటుంది. ఆ మూతే విప్పుకొని పెయింట్ షాపుకు పట్టుకెళ్లండి. పాత రంగును 220 నంబరు వాటర్ పేపర్‌తో, తర్వాత 400తో రుద్ది ప్రైమర్ కొట్టండి. అది ఆరాక 800తో తడిపి రుద్దితే చెయ్యి జారేంత నున్నగా వస్తుంది. పలచగా రెండు మూడు పూతలు మేలు, ఒకేసారి దట్టంగా కొడితే కారిపోతుంది. స్టీరింగ్ పగుళ్లను ముందు ఆకురాయితో కాస్త వెడల్పు చేసి, అరాల్డైట్ నింపి, గట్టిపడ్డాక రుద్ది రంగు వేయాలి. చెక్క డిజైన్ స్టిక్కర్ అంటించమని సలహాలు ఇస్తారు, వినకండి.

నాబులు, హ్యాండిళ్లు విరిగితే ముంబై వైపు అడగండి. పద్మినులు అక్కడ ట్యాక్సీలుగా 2023 అక్టోబర్ దాకా తిరిగాయి, అందుకే సామాను ఇంకా అక్కడక్కడా ఉంది.

సీట్ల దగ్గరికి వస్తే నాకు చెప్పాల్సింది చాలా ఉంది. రెండు సీట్ల కవర్లూ ఒకేసారి విప్పొద్దు. ఒకటి కుట్టయ్యేదాకా రెండోది చూసుకోడానికి అలాగే ఉండాలి. కవర్ కుట్లు విప్పేముందే ప్రతి ముక్క మీద నంబరు, పైకి ఏ వైపో బాణం గుర్తు వేయండి. రెండు ముక్కలు కలిసే చోట అడ్డంగా ఒక గీత గీయండి, విప్పాక ఆ గీతలే దారి చూపిస్తాయి. పాత రెక్సిన్ సాగి ఉంటుంది కాబట్టి ఉతికి, పరిచి, బరువు పెట్టి చదును చేశాకే కత్తిరింపు. గాడులు ఉన్న భాగానికి ముందు పెద్ద ముక్క మీద పలచటి ఫోమ్ పెట్టి గాడులన్నీ కుట్టేయాలి, ఆ తర్వాతే కొలతకు కోయాలి. కోసి కుడితే వెడల్పు తగ్గి ఏడిపిస్తుంది.

ఇంటి మెషీన్‌కు 18 నంబరు సూది, గట్టి పాలిస్టర్ దారం వేయండి. కుట్టు పొడవు 4 మిల్లీమీటర్లకు తగ్గొద్దు. సన్న కుట్లు వేస్తే రెక్సిన్ ఆ రంధ్రాల వెంబడే చిరుగుతుంది. రెక్సిన్‌కు పడ్డ రంధ్రం పూడదు, అందుకే గుండుసూదులు వద్దు, బట్టలారేసే క్లిప్పులు పెట్టుకోండి. మెషీన్ పాదం రెక్సిన్‌కు అతుక్కొని ముక్క జరగకపోతే కాస్త టాల్కమ్ పౌడర్ చల్లండి. మూలల్లో పైపింగు కలిసే చోట నాలుగైదు మడతలు పడతాయి, అక్కడ ఇంటి మెషీన్ మొండికేస్తుంది. ఆ మూలల వరకు సీటు కవర్లు కుట్టే షాపులో పెద్ద మెషీన్ మీద వేయించుకుంటే సరి, పరువేమీ పోదు.

లోపల స్ప్రింగులు బాగుంటే వాటిని వదిలేయండి. పైన చినిగిన గోనె మార్చి, 40 డెన్సిటీ ఫోమ్ అంటించండి. కొబ్బరి పీచు మళ్లీ వేయలేదు, ఎలుకలు అందులో కాపురం పెడతాయి. కవర్‌ను అరగంట ఎండలో పెట్టి, మెత్తబడ్డాక ఇద్దరు రెండు వైపులా లాగుతూ ఎక్కించండి. కింద మిగిలిన చిన్న ముడతలు నాలుగు రోజులు ఎండలో నిలబెడితే పోతాయి.

రూఫ్ లైనింగ్ చిరగకపోతే సబ్బు నీళ్ల గుడ్డతో తుడిచి ఆపేయండి. చాలా పాత కార్లలో దాని అంచు ముందు అద్దం రబ్బరు కిందికి పోతుంది, అద్దం తీసే ధైర్యం మాకు లేదు.

వెనక కాళ్ల దగ్గర వరంగల్ కొత్తవాడలో నేసిన దరీ, అంటే నూలు తివాచీ, వేశాం. వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అలాంటిది మన కార్లో లేకపోతే ఎలా అని నా పట్టుదల. నూలు కదా, తడి పీలుస్తుంది. అందుకే రబ్బరు మ్యాట్ మీద విడిగా పరిచాను, జిగురు పెట్టలేదు. డ్రైవర్ వైపు మాత్రం దరీ వేయొద్దు, జరిగి పెడల్ కింద ముడుచుకుంటే ప్రమాదం. అక్కడ రబ్బరే ఉండాలి.

డాష్‌బోర్డు ఆఖరి స్క్రూలు బిగించేముందే బ్యాటరీ కలిపి మీటరు లైటు, వైపర్, హారన్, ఇండికేటర్ ఒక్కొక్కటిగా వేసి చూడండి. సీట్లు ఎక్కించాక వైరు వదులైందని తెలిస్తే మళ్లీ మొదటి నుంచి విప్పాలి.