కుక్కర్‌లో పెరుగు కేక్

మా ఇంట్లో ఒవెన్ లేదు. పుట్టినరోజు కేకులన్నీ పాత 5 లీటర్ల కుక్కర్‌లోనే. ముందు గాస్కెట్, విజిల్ తీసేయండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. అడుగున కల్లుప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతేసి 10 నిమిషాలు వేడి చేయాలి. నీళ్లు చుక్క కూడా పోయొద్దు.

కప్పు పెరుగులో ముప్పావు కప్పు పంచదార కరిగేదాకా గిలకొట్టండి. అర టీస్పూన్ వంటసోడా, టీస్పూన్ బేకింగ్ పౌడర్ వేసి 5 నిమిషాలు కదపకండి. పెరుగంతా నురగలా పొంగుతుంది, సన్నగా చిటపట వినిపిస్తుంది. నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం అదే! తర్వాత అరకప్పు నూనె, ఒకటిన్నర కప్పు జల్లించిన మైదా, యాలకుల పొడి. మైదా పడ్డాక ఎక్కువ తిప్పితే కేక్ గట్టిపడుతుంది, అందుకే మా అమ్మాయి చేతిలోంచి గరిటె తీసేసుకుంటాను.

నూనె రాసిన గిన్నెలో పోసి, కుక్కర్‌లో స్టాండు మీద పెట్టి మూతేసి, సన్నసెగ మీద 40 నిమిషాలు. ఈనె గుచ్చితే పిండి అంటకూడదు. పూర్తిగా చల్లారాకే బోర్లించండి.