కాళ్లలో నరాలు ఉబ్బితే చికిత్స ఎలా చేయించుకోవాలి?

మా అమ్మ ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పింది. అంటే ముప్పై ఏళ్లు నిలబడే ఉంది. పిక్కల మీద వానపాముల్లా నరాలు తేలినా చీర కింద ఎవరికీ కనపడలేదు. చీలమండకు కాస్త పైన, లోపలివైపు చర్మం నల్లబడి దురద మొదలైతే తామర అనుకుని ఏడాదిన్నర పైపూత మందులు రాశాం. చివరికి అక్కడే పుండు పడింది. ఎవరో నరాల డాక్టరుకు చూపించమంటే న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన కాలు చూడగానే, "ఇది నేను చూసే జబ్బు కాదమ్మా, రక్తనాళాల డాక్టరు చూడాలి" అని చీటీ రాసిచ్చారు.

ఈ తిరుగుడు మా ఇంట్లో మాత్రమే జరిగింది కాదు. తెలుగులో స్పర్శను మోసే నాడినీ నరమే అంటాం, రక్తం పారే సిరనూ నరమే అంటాం. ఇలా కాళ్లలో ఉబ్బి తేలే జబ్బును డాక్టర్లు వేరికోస్ వెయిన్స్ అంటారు. ఇందులో చెడేది సిర, అంటే పాదాల నుంచి గుండెకు రక్తాన్ని తిరిగి తీసుకెళ్లే గొట్టం. అందుకే మొట్టమొదటి పని సరైన తలుపు తట్టడం. దీన్ని చూసేది వాస్క్యులర్ సర్జన్. హైదరాబాద్‌లో నిమ్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగమే ఉంది. మీ ఊళ్లో అలాంటి డాక్టరు లేకపోతే జనరల్ సర్జన్‌కు చూపించండి, అవసరమైతే ఆయనే పెద్దాసుపత్రికి పంపుతారు.

1. ముందు జబ్బు ఎక్కడుందో అర్థం చేసుకోండి

బావి మోటారు తెలిసినవాళ్లకు ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది. ఫుట్ వాల్వు లీకైతే మోటారు ఆపగానే ఎక్కిన నీళ్లన్నీ కిందికి జారిపోతాయి. కాలి సిరల్లోనూ అలాంటి చిన్న చిన్న వాల్వులు వరసగా ఉంటాయి. మనం నడిచినప్పుడు పిక్క కండరం బిగుసుకుని రక్తాన్ని పైకి తోస్తుంది, వాల్వులు దాన్ని కిందికి జారనివ్వవు. గంటల తరబడి నిలబడటం, కాన్పులు, అధిక బరువు, అమ్మానాన్నల నుంచి వచ్చిన తత్వం, పాత రక్తపు గడ్డ వంటి కారణాలతో వాల్వులు సరిగా మూసుకోకపోతే రక్తం వెనక్కి జారి సిరలు సాగిపోతాయి. బస్సు కండక్టర్లు, ట్రాఫిక్ పోలీసులు, బట్టల షాపుల్లో పనిచేసే అమ్మాయిలు, హోటల్ వంటవాళ్లు, మంగలి షాపువాళ్లు సాయంత్రానికి కాళ్లు బరువెక్కాయనీ, రాత్రి పిక్కలు పట్టేస్తున్నాయనీ చెప్పేది ఇందుకే.

చికిత్స అంతా ఆధారపడే విషయం ఇంకొకటుంది. పిక్క మీద మీకు కనపడే ఉబ్బు, లీకు చివర నీరు నిలిచిన మడుగు లాంటిది. అసలు లీకు చాలామందిలో గజ్జల దగ్గర, తొడ లోపలివైపు పాకే పెద్ద సిర మొదట్లోనో, మోకాలి వెనకో ఉంటుంది. దాన్ని వదిలేసి కనపడేవాటికి మాత్రమే సూది వేయిస్తే, లీకు అలాగే ఉంటుంది కాబట్టి ఉబ్బు మళ్లీ తేలే అవకాశం ఎక్కువ.

2. ఆగకూడని పరిస్థితులను గుర్తుపట్టండి

ఒక కాలు మాత్రమే ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పిపెట్టి, వేడిగా ఉంటే అది లోపలి సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. డాక్టర్లు దీన్ని డీవీటీ అంటారు. దాంతోపాటు ఆయాసం, ఛాతీలో పోటు, కళ్లు తిరగడం వచ్చాయంటే గడ్డ ఊపిరితిత్తులకు చేరిందేమో అనుకోవాలి. అంబులెన్సుకు 108కి ఫోన్ చేయండి. అలా వాచిన కాలిని నూనె రాసి గట్టిగా మర్దనా చేయకండి, గడ్డ కదిలే ప్రమాదం ఉంది. డీవీటీకి మందు రక్తం పలచబడే మాత్రలే. సాధారణంగా కనీసం 3 నెలలు వాడాలి. బాగానే ఉందని మధ్యలో మానేయడం ప్రమాదం.

పైకి తేలిన సిర గట్టి తాడులా మారి, ఎర్రబడి, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే అది పైసిరలో గడ్డ. అంత భయపడాల్సింది కాదు గానీ స్కాన్ తప్పనిసరి. గడ్డ గజ్జల వైపు పాకుతోందా లేదా అన్నది తెలియాలి.

ఉబ్బిన సిర చిట్లితే రక్తం ధారగా పోతుంది. కంగారులో చాలామంది నిలబడి కాలికి తాడు కడతారు. అలా చేయకండి. వెంటనే పడుకోబెట్టి, కాలు గుండె కంటే ఎత్తులో పెట్టి, శుభ్రమైన గుడ్డతో ఆ చోటే 10 నిమిషాలు వదలకుండా అదిమిపట్టండి. రక్తం ఆగాక ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

3. నిలబడి డాప్లర్ చేయించుకోండి

డాప్లర్ అంటే రక్తం ఏ వైపు పారుతోందో చూపే అల్ట్రాసౌండ్. నొప్పి ఉండదు, సూది ఉండదు. లీకు బయటపడాలంటే మీరు నిలబడి ఉన్నప్పుడు చూడాలి. పడుకోబెట్టి రెండు నిమిషాల్లో ముగించిన స్కాన్‌ను నమ్ముకుని ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. డాక్టరు పిక్కను నొక్కి వదిలినప్పుడు పైసిరలో రక్తం అర సెకను కంటే ఎక్కువసేపు వెనక్కి జారితే వాల్వు చెడినట్టు లెక్క. లోపలి సిరలు తెరుచుకునే ఉన్నాయా, పాత గడ్డలేమైనా ఉన్నాయా అన్నదీ రిపోర్టులో ఉండాలి.

రిపోర్టులో లేదా డాక్టరు చీటీ మీద సీ1, సీ2 అని ఒక అంకె ఉంటుంది. సీ1 అంటే సాలెగూడులాంటి సన్నని నీలి గీతలు. సీ2 అంటే 3 మిల్లీమీటర్లు, ఆపైన లావున్న ఉబ్బులు. సీ3 వాపు. సీ4 చర్మం నల్లబడటం, దురద, గట్టిపడటం. మానిన పుండు సీ5, మానని పుండు సీ6. మా అమ్మ తామర అనుకుని మందు రాసుకున్న రోజుల్లో ఆమెది సీ4. అప్పుడే కనుక్కుని ఉంటే పుండు దాకా వచ్చేది కాదేమో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

4. ఇంట్లో చేయగలిగింది ఈ రోజే మొదలుపెట్టండి

రోజూ నడవండి. నిలబడి పనిచేసేవాళ్లు అరగంటకోసారి మడమలు ఎత్తి దించుతూ ఉండండి. ఇంటికి రాగానే కాళ్లు గుండె కంటే ఎత్తులో ఉండేలా దిండ్ల మీద పెట్టి ఓ పావుగంట పడుకోండి. కుర్చీలో కూర్చుని కాళ్లు స్టూలు మీద పెడితే సరిపోదు, ఎత్తు చాలదు.

తర్వాత స్టాకింగ్స్. షాపులో దొరికే మామూలు మేజోళ్లు ఇందుకు పనికిరావు. చీలమండ దగ్గర ఎక్కువ బిగువు, పైకి వెళ్లేకొద్దీ తక్కువ బిగువు ఉండేలా అల్లినవి కావాలి. ఎక్కువగా రాసేది క్లాస్ 2, అంటే సుమారు 23 నుంచి 32 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి. బ్రాండును బట్టి ఈ లెక్క కొంచెం మారుతుంది. కొలతలు పొద్దున్నే, వాపు లేనప్పుడు ఇవ్వండి: చీలమండ సన్నని చోట చుట్టుకొలత, పిక్క లావైన చోట చుట్టుకొలత, నేల నుంచి మోకాలి దాకా పొడవు. వేసుకోవడమూ పొద్దున మంచం దిగేముందే. మడమ దాకా లోపలివైపు బయటికి తిప్పి, పాదం దూర్చి, మెల్లగా పైకి లాగాలి. మడతలు పడితే అక్కడ కోసుకుపోతుంది. రాత్రి తీసేయండి, తేలిక సబ్బుతో ఉతికి నీడన ఆరేయండి. రోజూ వాడితే ఆరు నెలలకు బిగువు పోతుంది, కొత్తవి కొనాలి.

మే నెల ఎండల్లో వీటిని వేసుకోవడం నరకమని నాకూ తెలుసు. చాలామందికి మోకాలి కింది దాకా ఉండేవి సరిపోతాయి. తొడ దాకా ఉండేవి కొని బీరువాలో పెట్టేకంటే అవి నయం.

ఒక హెచ్చరిక. చక్కెర జబ్బున్నవాళ్లు, ఏళ్లుగా బీడీ, సిగరెట్ తాగేవాళ్లు, నాలుగడుగులు నడిస్తే పిక్క నొప్పితో ఆగిపోయేవాళ్లు సొంతంగా స్టాకింగ్స్ కొనుక్కోకండి. కాలికి రక్తం తెచ్చే ధమని సన్నబడి ఉంటే బిగువు వల్ల పాదానికే ముప్పు. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో పోల్చే చిన్న పరీక్ష చేయించాకే వేసుకోవాలి.

డయోస్మిన్, హెస్పెరిడిన్ కలిసిన మాత్రలు రాస్తుంటారు. వాటివల్ల బరువు, వాపు కొంత తగ్గుతాయి. చెడిన వాల్వు బాగవదు, తేలిన నరం పోదు.

గర్భిణులకు సాధారణంగా ఈ దశ వరకే. ఆపరేషన్, లేజర్ ఆలోచన కాన్పు అయ్యేదాకా వద్దు. పురుడయ్యాక కొన్ని నెలల్లో చాలా ఉబ్బులు వాటంతటవే తగ్గుతాయి.

5. లీకైన సిరను మూసే పద్ధతుల్లో మీకు తగినది ఎంచుకోండి

"నరం మూసేస్తే రక్తం ఎటు పోతుంది డాక్టరు గారూ?" అని అందరూ అడుగుతారు, అడగాలి కూడా. కాలి రక్తంలో దాదాపు 90 శాతం లోపలి సిరల్లోంచే వెళ్తుంది. పైసిర చెడినప్పుడు అది మోయకపోగా వెనక్కి పోస్తోంది. దాన్ని మూస్తే ఆ రక్తం మంచి సిరల దారి పడుతుంది. రేపు గుండె బైపాస్‌కు ఈ సిర కావాలి కదా అని మరో అనుమానం. మెలికలు తిరిగి సాగిపోయిన సిర బైపాస్‌కు సాధారణంగా పనికిరాదు.

బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వరస స్పష్టంగా ఉంది. మొదట వేడితో మూయడం, అది కుదరకపోతే నురగ ఇంజెక్షన్, అదీ కుదరకపోతే ఆపరేషన్. స్టాకింగ్స్ ఒక్కటే చికిత్సగా ఇవ్వడం, ఇవేవీ పనికిరానివాళ్లకే.

వేడి అంటే లేజర్ లేదా రేడియో ఫ్రీక్వెన్సీ. మోకాలి దగ్గర సూది రంధ్రం గుండా సన్నని గొట్టాన్ని స్కాన్‌లో చూస్తూ గజ్జల దాకా పంపుతారు. సిర చుట్టూ మత్తుమందు కలిపిన సెలైన్ ఎక్కిస్తారు. నొప్పి తెలియకుండా చేయడమే కాదు, చుట్టూ ఉన్న కండకు వేడి తగలకుండా కాపాడేదీ ఆ నీరే. ఎక్కువగా వాడే రేడియో ఫ్రీక్వెన్సీ గొట్టం 120 డిగ్రీల సెల్సియస్ వేడితో, 7 సెంటీమీటర్ల ముక్కను 20 సెకన్లలో మూసుకుంటూ కిందికి వస్తుంది. లేజర్‌లో వెనక్కి లాగుతూ కాలుస్తారు. రెండింటి ఫలితాలూ దగ్గర దగ్గరగానే ఉంటాయి. కాబట్టి యంత్రం పేరు కంటే డాక్టరు చేతి అనుభవం చూసుకోండి. ఆ రోజే నడిచి ఇంటికి వెళ్లొచ్చు. తొడ లోపల తాడు లాగినట్టు నొప్పి, కమిలిన మచ్చలు వారం పది రోజులు మామూలే. పిక్క కింది భాగంలో కొందరికి తిమ్మిరి వస్తుంది, ఎక్కువమందికి మెల్లగా తగ్గుతుంది.

జిగురు పద్ధతి ఇంకా కొత్తది. సయనోఅక్రిలేట్ అనే జిగురుతో సిరను లోపలే అతికిస్తారు. వేడి లేదు కాబట్టి ఆ సెలైన్ పోట్లు ఉండవు, తర్వాత స్టాకింగ్స్ కూడా చాలావరకు అక్కర్లేదు. ఖర్చు ఎక్కువ. కొందరికి సిర పొడవునా ఎలర్జీ వచ్చి ఎర్రబడుతుంది.

నురగ చికిత్సలో పొలిడోకనాల్ లేదా సోడియం టెట్రాడెసిల్ సల్ఫేట్ మందును రెండు సిరంజీల మధ్య గాలితో చిలికి నురగ చేసి సిరలోకి ఎక్కిస్తారు. బాగా మెలికలు తిరిగి గొట్టం దూరని సిరలకు, పుండు కింది సిరలకు, పెద్దవయసువాళ్లకు ఇది వరం. ఒక్కసారితో తేలకపోవచ్చు, చర్మం మీద గోధుమరంగు చార కొన్ని నెలలు ఉండొచ్చు. సీ1 సన్నని గీతలకు నురగ చేయని పలుచని మందే చాలు. లీకు లేకుండా గీతలు మాత్రమే ఉంటే లేజర్ గొట్టం వేయించుకోవాల్సిన పని లేదు. ఎవరైనా వేయించుకోమంటే ఇంకో డాక్టరును అడగండి.

గజ్జల్లో కోసి సిరను ముడివేసి లాగేసే పాత ఆపరేషన్ వందేళ్ల పైబడినది. సరైన చేతుల్లో ఇప్పటికీ మంచిదే, కొత్త యంత్రాలు లేని చోట అదే దారి. పిక్క మీది పెద్ద ముడులను 2, 3 మిల్లీమీటర్ల గాట్లలోంచి చిన్న కొక్కెంతో తీసేయడాన్ని పై పద్ధతుల్లో దేనితోనైనా కలిపి చేస్తారు.

6. పుండు ఉంటే ఆలస్యం వద్దు

సిరల పుండుకు అసలు మందు పట్టీయే. పొరలు పొరలుగా, సరైన బిగువుతో, నేర్చినవాళ్లు కట్టాలి. పసుపు, ఆకు పసర్లు పెట్టకండి. ఆ చర్మానికి ఎలర్జీ త్వరగా వస్తుంది. పుండు మానాకే సిర సంగతి చూద్దాం అనడం పాత పద్ధతి. బ్రిటన్‌లో 450 మందితో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో పట్టీతోపాటు సిరను త్వరగా మూసినవాళ్లకు పుండు మానడానికి పట్టిన మధ్యస్థ కాలం 56 రోజులు, ఆలస్యం చేసినవాళ్లకు 82 రోజులు. అమ్మ పుండుకు నెలల తరబడి డ్రెస్సింగ్‌లు మార్చిన నాకు ఆ 26 రోజుల విలువ తెలుసు.

7. ఒప్పుకునే ముందు డబ్బు సంగతి తేల్చుకోండి

ఏ సిర, ఎన్ని సెకన్ల లీకు, రెండు కాళ్లకీ ఒకేసారి ఎందుకు చేయాలి, ముడులు తీయడం ప్యాకేజీలో ఉందా, తర్వాతి స్కాన్‌కు వేరే డబ్బా అని అడగండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే మీరు ఎంచుకున్న పద్ధతి పథకంలోకి వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. ప్రైవేటు బీమా పాలసీలు చాలావాటిలో వేరికోస్ వెయిన్స్‌కు 2 ఏళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. సన్నని గీతల చికిత్సను అందం కోసమని కొట్టేస్తారు. నల్లబడిన చర్మం, వాపు, పుండు ఉంటే ఫొటోలు తీసి డాప్లర్ రిపోర్టుతో కలిపి పెట్టండి.

8. చేయించుకున్నాక

బల్ల మీద నుంచి దిగగానే నడవండి. మంచం పట్టకూడదు. డాక్టరు చెప్పినన్ని రోజులు స్టాకింగ్స్ వేసుకోండి. మూసిన సిరలో కట్టిన రక్తపు గడ్డ గజ్జల దగ్గర లోపలి సిరలోకి పాకలేదని తేల్చుకోవడానికి తొలి వారాల్లో మళ్లీ స్కాన్ చేస్తామంటే వెళ్లండి, బాగానే ఉన్నాను కదా అని ఎగ్గొట్టకండి.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలు టికెట్ కొనేముందే ప్రయాణం తేదీలు డాక్టరుకు చెప్పాలి. చికిత్స తర్వాత కొన్ని వారాలు దూర ప్రయాణాలు వాయిదా వేయమంటారు. విమానంలో నడవా పక్క సీటు తీసుకోండి, గంటకోసారి లేచి నడవండి, కూర్చున్నంతసేపూ పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండండి. అంతకుముందు ఎప్పుడైనా కాలిలో గడ్డ కట్టి ఉంటే రక్తం పలచబడే మందు అవసరమా అని బయల్దేరే ముందే అడిగి రాయించుకోండి.